వంటింటి గోడ మీద కుడి జెండా

"ఏ జెండా మే?"

"కండ్లు ఉండాయి గదప్పా, సూసుకో."

"కుడిదా? సరే, సాయంత్రమొచ్చి లేపుతాలే."

"లేపకపోతే సంగటి ల్యా."

నా మొగుడూ నేనూ ఆఖరుగా మాట్లాడుకున్న మాటలు ఇవే. ఆ తర్వాత ఆయన సైకిలెక్కి సబ్‌స్టేషనుకు డ్యూటీకి పోయాడు. మధ్యాహ్నం టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నారు. కరెంటు మాత్రం కాదు. ఇది నేను అందరికీ ముందే చెప్పేస్తాను. సబ్‌స్టేషనులో పనిచేసేవాడు పడిశం పట్టి పోయినా సరే, కరెంటు కొట్టిందనే అనుకుంటుంది లోకం.

ఆ రోజు ఇంటికి చేరిన ఆడవాళ్లు నా చుట్టూ కూర్చుని, "ఆఖరుకు నీతో ఏం మాట్లాడినాడమ్మా?" అని అడిగారు. ఉన్నదే చెప్పాను. "సంగటి ల్యా అంటిని" అన్నాను. ఏడుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. మా ఆడబిడ్డ తేరుకుని, "అయ్యో తమ్ముడా, కడుపుకు తినకుండా పోతివా!" అని ముందుకన్నా పైకి రాగం ఎత్తుకుంది. పొద్దున్నే బొరుగుల ఉగ్గాని మారు పెట్టించుకుని, బజ్జీలు నంజుకుని, ఆవలించి మరీ పోయాడని నేను ఎంత అరిచినా ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. ఇప్పటికీ మా వాళ్లల్లో ఆయన ఆకలితో పోయాడనే చెప్పుకుంటారు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా కోడలు వంటింటి గోడకు టైల్సు వేయిస్తోంది. రేపు మేస్త్రీ వస్తాడు. ఆ గోడకే మా జెండాలు రెండూ ఉన్నాయి. ఎడమది నిలబడి ఉంది. కుడిది ఆయన పోయిన రోజు పొద్దున నేను పడేసింది పడేసినట్టే వేలాడుతోంది. అది ఎందుకు పడిందో తెలుసుకోకుండా లేపకూడదన్నది మా ఇంటి కట్టుబాటు. నాకేమో ఎందుకు పడేశానో ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు.

"ఊరికే లేపేస్తే పోయె గదత్తా. యాల ఇంత రచ్చ?" అంది కోడలు.

"స్తంభం మీద మనిషి ఉండాడో ల్యాడో సూడకుండా కరెంటు ఇచ్చే రకం మే నువ్వు" అన్నాను.

"అయితే మొదుట్నించీ చెప్పు, నేను రాస్తా. చెబుతా ఉంటే యాడో ఒగచోట తగులుతాది."

ఆమె అంగన్వాడీలో పనిచేస్తుంది, గుండ్రంగా రాస్తుంది. నేను నా పేరులో మొదటి అక్షరాలు బాగానే రాస్తాను, ఆఖరుది ఎప్పుడూ తిరగబడుతుంది. అందుకని రాసేది ఆమె, చెప్పేది నేను.

పెళ్లయిన కొత్తలో ఆయనకు కమలాపురం వైపు ఒక సబ్‌స్టేషనులో పని. ఒకరోజు క్యారియరు తీసుకుని నేనే పోయాను. లోపల బీరువాల్లాంటి ఇనుప పెట్టెలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మొహాన అద్దం బిగించిన నల్ల డబ్బాలు. అవే రిలేలు. ఊళ్లకు పోయే కరెంటుకు అవి కావలి. తీగ తెగి నేల మీద పడినా, గాలికి రెండు తీగలు ఒకదాన్నొకటి రాసుకున్నా, ఆ డబ్బా పసిగట్టి బయట ఉన్న బ్రేకరును పడగొడుతుంది. లైను ఆగిపోతుంది. అంతటితో ఊరుకోదు. అద్దం వెనక చిన్న జెండా ఒకటి టక్కున పడుతుంది. ఏ డబ్బా జెండా పడిందో చూస్తే లైనుకు ఏం జబ్బు చేసిందో తెలుస్తుంది. అక్షరం ముక్క రాకపోయినా తెలుస్తుంది. అది కనిపెట్టినవాడికి పుణ్యం ఉంటుంది.

నేను మూత తీసి చారు పోస్తుండగా బయట ఢామ్మంది. బ్రేకరు పడితే అంత మోత వస్తుందని నాకెవరు చెప్పారు? క్యారియరు వదిలేసి బల్ల కిందికి దూరాను. చారు నా చీర మీద, అన్నం ఆయన చెప్పుల్లో. ఆ మనిషి నా వైపు తిరిగి చూస్తే ఒట్టు. నేరుగా అద్దం దగ్గరికి పోయి వంగి చూసి, "ఎర్తు!" అని, ఇంటికి మేనమామ దిగినంత సంబరంగా అని, ఫోను ఎత్తాడు.

ఇంటికొచ్చాక నేను మాట్లాడలేదు. మరునాడూ మాట్లాడలేదు. ఆయన నా వెనకాలే తిరిగాడు. "చారు పోయిందనా? నేను సూడల్యాదనా? మా యమ్మ ఏమన్నా అనిందా? మీ నాయన గుర్తొచ్చినాడా?" ఒక్కదానికీ నేను పలకలేదు. ఆఖరుకు విసిగిపోయి, "నీకన్నా రిలే నయం మే. పడితే యాల పడిందో జెండా ఏసి చెబుతాది. నువ్వు పడితే లైనంతా నేను నడిసి సూసుకోవాల" అన్నాడు.

"అయితే నాకూ ఒగ జెండా పెట్టు" అన్నాను.

నేను వెక్కిరించాను. వెక్కిరింపు అర్థమయ్యే మనిషి కాదు ఆయన. సాయంత్రానికల్లా నూనె డబ్బా రేకు కత్తిరించి, ప్రమాదం బోర్డులకు పూసే ఎర్ర రంగు పూసి, వంటింటి గోడకు రెండు రేకు జెండాలు మేకులతో బిగించాడు. వేలితో తోస్తే టక్కున కిందికి పడతాయి.

ఎడమది ఓవర్‌లోడుకు. నేను మోయగలిగినదానికన్నా పని ఎక్కువైనప్పుడు అది. చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగడం, అందరికీ ఓళిగలు చేయమనడం, అలాంటివి. కుడిది ఎర్తుకు.

"నీకని బయల్దేరిన కరెంటు నీకు చేరకుండా నేలలోకి కారిపోతే ఎర్తు" అని విడమరిచి చెప్పాడు.

"నాకని తెచ్చిన చీర మీ యక్కకు పోయినట్టా?"

"అంత లోతుగా అర్థం చేసుకోబల్లేదులే" అన్నాడు.

పడేసేది నేను, లేపేది ఆయన. లేపే ముందు కారణం అడగాలి. అడిగి ఊరుకుంటే చాలదు, నేను చెప్పిందంతా తిరిగి నాకే అప్పజెప్పాలి. అది ఆయన పనిలోని పద్ధతి. స్తంభం దిగిన లైన్‌మన్ ఫోను చేసి, "పనైపాయె, అందరం దిగినాం, లైను ఇయ్యొచ్చు" అంటే, ఈయన ఆ మాటను మొదటినుంచి చివరిదాకా తిరిగి చెప్పేవాడు. అవతలి మనిషి "కరెక్టే" అన్నాకనే హ్యాండిలు మీద చెయ్యి వేసేవాడు. ఇంట్లోనూ అదే తంతు. చేతులు కట్టుకుని నా ముందు నిలబడేవాడు.

"మీ యక్క వస్తాదని నాకు చెప్పల్యా. వచ్చినాక ఓళిగలు చెయ్యమంటివి. చేసినాక, మా యక్క ఇంకా మెత్తగా చేస్తాది అంటివి. నా చెయ్యి చెయ్యా, పార కట్టెనా?"

ఈ మాటలు నావి. ఆయన వాటిని నా గొంతుతో, నా మూతి విరుపుతో, నడుం మీద చెయ్యి పెట్టి మరీ అప్పజెప్పేవాడు. ఎంత బిగబట్టుకున్నా నాకు నవ్వొచ్చేది. "కరెక్టే" అనేదాన్ని. టక్. జెండా లేచేది.

మా అత్త ఇదంతా కనిపెట్టి, "నాకేదిరా?" అంది. తల్లి మాట కాదనలేక మూడో జెండా పెట్టాడు. అది పొద్దున కోడి కూయకముందే పడేది. చారు చల్లగుండాది, టక్. చారు కాల్తాండాది, టక్. ఎదురింటామె నవ్వింది, టక్. లేపీ లేపీ ఆయనకు చెయ్యి నొప్పి పుట్టి, ఒకనాడు తల్లిని మంచం మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"సూడుమా. ఊర్లో తీగ తెగితే ఊరి రిలేనే ముందు పడాల. పైనుండే పెద్ద రిలే కొంచెం ఓపిక పట్టాల. పెద్దదే ముందు పడితే మండలమంతా చీకటి. నువ్వు పెద్ద రిలేవి."

పెద్ద అన్న మాటకు ఆమె మురిసింది. "అంటే ముందు నీ పెండ్లానికి కోపం రావాల. నాకు తర్వాత."

"అంతే."

"ఆ యమ్మికి రాకపోతే?"

"అప్పుడు నువ్వు పడొచ్చు."

అప్పటినుంచి మా అత్త పొయ్యి దగ్గర పీట వేసుకుని, నాకెప్పుడు కోపం వస్తుందా అని కాచుకుని కూర్చునేది. నేను నవ్వుతూ తిరిగితే ఆమెకు పొద్దు పోయేది కాదు. "ఏమే, ఇంకా రాల్యాదా?" అని అడిగేది. "నువ్వు అడిగితే వస్తాండాదత్తా" అనేదాన్ని. "తొందరగా కానీ మరి, నాది కాచుకోనుండాది" అనేది.

ఏడాదికొకసారి కడప నుంచి రిలేలు పరీక్ష చేసేవాళ్లు వచ్చేవారు. ఒక పెట్టె తెచ్చి, రిలేకు లేని జబ్బు ఉన్నట్టు నమ్మించి, అది వేళకు పడుతుందో లేదో గడియారం పెట్టి చూసేవారట. ఇది చూశాక ఈయన ఊరుకుంటాడా? ఒకరోజు నేను వంటిల్లు అలికి చెయ్యి కడుక్కుంటుంటే, కాళ్లకు బురదతో వచ్చి నడిమధ్య నిలబడ్డాడు. మా సీమలో వాన పడితేనే పండగ, బురద ఎక్కడిది? పనిగట్టుకుని బోరింగు దగ్గరికి పోయి తొక్కుకొచ్చాడు. నేను ఆయన కాళ్లు చూశాను. ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. ఇంకో అడుగు వేశాడు. మళ్లీ గడియారం చూసుకున్నాడు. నేను చీపురు తిరగేశాను.

"జెండా మే, జెండా! చీపురు గాదు!" అని అరుస్తూ వాకిట్లోకి పరిగెత్తాడు. వీధిలో వాళ్లందరూ చూశారు. చల్లబడ్డాక, "నీది శానా మంచి కండిషన్లో ఉండాది" అని మెచ్చుకున్నాడు కూడా.

తర్వాత కోడుమూరు వైపు బదిలీ అయింది. సామాను దించకముందే జెండాలు బిగించాడు. అత్త కాలం చేశాక మూడోదాన్ని తీసి ట్రంకుపెట్టెలో పెట్టాడు. ఇక్కడ కూడా మా పద్ధతి వీధి వీధంతా నేర్చుకుంది. లైన్‌మన్లు వాకిట్లోనే ఆగి, "అన్నా, వదినది లైను బాగుండాదా?" అని అడిగి లోపలికొచ్చేవారు. పక్కింటి సాయిబుల ఆమె చక్కెరకు వస్తే ముందు గోడ చూసేది. పడి ఉంటే గిన్నె కొంగు కింద దాచుకుని, "రేపొస్తాలే అక్కా" అని వెనక్కు తిరిగేది. ఆమె మొగుడు టైల్సు మేస్త్రీ. రేపు మా ఇంటికి వచ్చేది అతనే.

సబ్‌స్టేషనులో పాత రిలేలు తీసేసి కొత్తవి పెట్టినప్పుడు ఆయన అన్నం సరిగ్గా తినలేదు. కొత్తవాటికి జెండాలు లేవట. చిన్న అద్దంలో అక్షరాలు పరిగెత్తుతాయట. "ఏ జబ్బో, ఎంత దూరంలో ఉండాదో, అంతా రాసి చూపిస్తాది మే" అన్నాడు. మెచ్చుకుంటున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "మన గోడకు మాత్రం అట్లాంటిది తేవాకు. నా కోపం నేనే చదువుకోలేను" అన్నాను. దానికి గట్టిగా నవ్వి, ఆ పూట బాగా తిన్నాడు.

"ఇదంతా బాగుండాదిగానీ అత్తా, ఆ పొద్దు ఏమైందో చెప్పు" అంది కోడలు. "ఒగొగ స్తంభం పట్టుకోని రా."

సరే, నడుద్దాం. కుడి జెండా పడింది, అంటే నాకు రావాల్సింది ఇంకెక్కడికో పోయింది. ముందు ఆడబిడ్డ మీద అనుమానం. అలవాటు కొద్దీ. కానీ ఆ నెలలో ఆమె మా ఊరికి రానే లేదు. రెండోది, ఉగ్గాని. మారు పెట్టించుకున్నది నా వాటాలోదేమో?

"జెండా పడేసినాక బజ్జీలు పెడితివా, పెట్టినాక పడేస్తివా?" అని కోడలు అడిగింది.

"పడేసినాకే పెట్టింటా."

"అంత కోపంలో బజ్జీలెట్ల పెడతావత్తా?"

"కోపం వేరు, బజ్జీ వేరు మే."

కోడలు ఆ మాట రాయాలా వద్దా అని ఆలోచిస్తోంది. రాయి.

నాకు గుర్తు లేకపోవడానికి కారణం ఆ జెండానే. కోపం వస్తే దాన్ని వేలితో ఒక్క తోపు తోసి నేను పొయ్యి దగ్గరికి పోయేదాన్ని. మిగతాదంతా గోడే చూసుకునేది. కడుపులో పెట్టుకుని తిరగాల్సిన పని నాకు ఎన్నడూ పడలేదు. సాయంత్రం ఆయనొచ్చి అడిగేసరికి సగం మాటలు తడుముకునేదాన్ని. ఈసారి అడిగే మనిషి రాలేదు.

ఇంట్లోకి వచ్చినవాళ్లు ఆ వేలాడే రేకును చూసి, పాపం, మొగుడు పోయినందుకు పడింది అన్నట్టు తల ఊపుతారు. నా ఒళ్లు మండుతుంది. అందుకు పడలేదది. అది పొద్దున్నే పడింది, ఆయన బతికి ఉండగా, ఉగ్గాని తింటుండగా, ఏదో పిచ్చి విషయానికి పడింది. ఆ పిచ్చి విషయం నాకు కావాలి. అది దొరక్కుండా రేపు మేస్త్రీ ఆ మేకు పీకితే, ఇక అందరూ అనుకుంటున్నదే నిజమైపోతుంది.

ఇంతవరకు చెప్పేసరికి పక్కింటామె వచ్చింది. ఆమె చేతిలో చక్కెర గిన్నె. వసారాలో పేర్చిన టైల్సు పెట్టెలు చూసి ఆగింది. కోడలు ఏరి కొన్న టైల్సు అవి. వాటి మీద ద్రాక్ష గుత్తులు, ఒక టీ కేటిలు, కప్పూ సాసరూ. మా ఇంట్లో కేటిలును ఎవరం ఎన్నడూ చూడలేదు, ఇక గోడ మీద చూడాలి.

"ఇవేనా అక్కా?" అంది ఆమె. "అన్న పచ్చవి కదా కావాలన్నాడు?"

"ఏ అన్న?"

"మీ ఆయనే. పోయే ముందు దినం, మా ఇంటాయన్ను అడిగి పెట్టమని నాకు చెప్పినాడు గదా. అక్కకు చెప్పాకు, పని మొదలుపెట్టినాకే తెలియాల అన్నాడు. నాకు కడుపులో మాట నిలవదు గదా. మర్నాడు పొద్దున్నే చక్కెరకొచ్చి, అక్కా, మీ వంటింటికి టైల్సంట, ముబారక్, అంటి. ఏం టైల్సు అని నువ్వు ఒగ చూపు చూస్తివి. నేను చక్కెర లేకుండానే పోతి."

నా చేతిలో ఏమీ లేదు గనక సరిపోయింది. ఉంటే పడేసేదాన్ని. అంతా వచ్చేసింది. ఆ చూపు, ఆ టక్కు, పొయ్యి మీద మాడిన బజ్జీ వాసన, అన్నీ వచ్చాయి. నా వంటింటి మాట నాకు చేరకుండా పక్కింటికి కారిపోయింది. ఎర్తే. ముమ్మాటికీ ఎర్తే. ఏ పరీక్ష పెట్టె తెచ్చి చూసుకున్నా సరే, నా జెండా తప్పు పడలేదు.

"ఇన్నాళ్లూ యాల చెప్పల్యా మే నాకు?" అని ఆమె మీద లేచాను.

"జెండా పడిండాది గదక్కా! పడినప్పుడు అట్లాంటి మాట ఎత్తగూడదని మీ ఇంటి రూలే గదా. లేస్తాది, లేచినాక చెబుదామని నేను సూస్తానే ఉండా. అది లేస్తే గదా! ఈ పొద్దు ఈ పెట్టెలు సూసి నోరు జారితి."

కోడలు పెన్ను పట్టుకునే పొర్లి పొర్లి నవ్వింది. నేనూ నవ్వాను. ఎంతకాలానికో అంత గట్టిగా నవ్వితే పక్కటెముక పట్టుకుంది. టైల్సు కోసం పడిన జెండా అడ్డం పెట్టుకుని, నేను ఇన్నాళ్లూ కోడల్ని టైల్సు వేయనివ్వలేదు.

"ఇంకా ఏమన్నాడు?" అని అడిగాను.

"బొమ్మలు వద్దన్నాడు. జెండాలున్న చోట మటుకు టైలు ఏయొద్దు, అంత చోటు గోడ వదిలేయాల అన్నాడు."

కోడలు నవ్వు ఆపేసింది. "అట్ల వదిలితే కేటిలు సగానికి తెగుతాదత్తా."

"తెగనీ."

"ద్రాక్షగుత్తి కూడా పోతాది."

"పోనీ మే. నీకు బాధైతే ట్రంకుపెట్టెలో మా అత్త జెండా ఉండాది, తీసి ఎడమ పక్క నువ్వూ బిగించుకో."

పక్కింటామెకు చక్కెర పోసి పంపాను. గిన్నె నిండా పోశాను. ఇక మిగిలింది జెండా లేపడం. అది ఆయన చేసే పని. ఈ పూటకు ఆ పని కోడలు చేస్తుంది. ఆమె అప్పుడే కాగితాలు ఒడిలో పెట్టుకుని, రేకు మీదికి చెయ్యి చాపుతోంది.

ఆగు మే. చెయ్యి తీయి. అంతా చెప్పానని నేను చెబితే సరిపోతుందా, రాశానని నువ్వు చెబితే సరిపోతుందా? అట్లా నిలబడు. చేతులు కట్టుకోలేవు, కాగితం పట్టుకోవాలి కదా, పోనీలే. "ఏ జెండా మే" అన్న దగ్గర్నుంచి మొదలుపెట్టి, నేను ఏం చెప్పానో అంతా తిరిగి నాకు చదివి వినిపించు. నేను "కరెక్టే" అన్నాక లేపుదువు.